నూటొకటిన్నర జ్వరంతో గెలిచిన డిబేట్

మొన్న మధ్యాహ్నం ఆఫీసులో అరగంటలోనే నాకు నూటొకటిన్నర జ్వరమొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మంచులా చల్లబడింది కూడా! కానీ నిజానికి నా ఒంట్లో వేడి ఒక్క గీత కూడా కదల్లేదు. నమ్మరా? మా మంజులక్క కూడా నమ్మలేదు.

అసలు తప్పు చేతన్‌ది. మైసూరబ్బాయి, నా పక్క సీటు, నా దగ్గరే తెలుగు నేర్చుకున్నాడు. బెంగుళూరు బెళ్ళందూరులో మా ఆఫీసు కింద ఆంధ్రా మెస్ ఉంది. అక్కణ్ణుంచి కారప్పొడి, నెయ్యి, అన్నం, చారు పార్సెల్ తెచ్చుకుని ప్యాంట్రీలో కలుపుతున్నాను. "ఇంత ఖారా తింటే బాడీ హీట్ అవుతుంది కణమ్మా" అన్నాడు.

కాలేజీలో నాలుగేళ్ళు డిబేట్ టీమ్ కెప్టెన్ని. వదుల్తానా?

"తప్పు! కారం ఒంటిని చల్లబరుస్తుంది. నాలుక మీద వేడిని పసిగట్టే నరాలుంటాయి. మిరపకాయ వాటినే తట్టి లేపుతుంది. నిప్పు లేకుండా ఫైర్ అలారం మోగినట్టన్నమాట. మెదడు కంగారుపడి చెమట పట్టిస్తుంది. అది ఆరితే ఒళ్ళు చల్లబడుతుంది. ఎండ మండే ఊళ్ళో పుట్టి, ఇంత కారం ఊరికే తింటామా? పైగా ఇది అసలు గుంటూరు కారం!"

"ప్రూఫ్?" అన్నాడు.

ఫస్ట్ ఎయిడ్ బాక్సులోంచి థర్మామీటర్ తెప్పించాను. నాలుగు ముద్దలు తిన్నాను. మొహం ఎర్రబడింది, ముక్కు కారింది, చెమట గడ్డం దాకా వచ్చింది. స్టయిల్‌గా పొగలు కక్కే చారు గ్లాసెత్తి గటగటా తాగేసి, థర్మామీటర్ నాలుక కింద పెట్టాను.

బీప్. నూటొకటిన్నర!

సరిగ్గా అప్పుడే మంజులక్క తన థర్మామీటర్ వెతుక్కుంటూ వచ్చింది. మా ఫ్లోర్ అడ్మిన్. పుట్టి పెరిగింది బెంగుళూరే.

"ఏమమ్మా, మొగం ఇట్ల అయిపోయి ఉండాది! పోయిన నెల ఒకరి నుంచి వరసంతా జ్వరాలే. నడువు ఇంటికి."

ఇంటికా? మూడింటికి క్లయింట్ డెమో! మూడు నెలలు నేనొక్కదాన్నే కట్టిన మాడ్యూల్. నేను లేకపోతే బ్యాకప్ ఎవరు? చేతనే. వాడు అప్పుడే నా లాప్‌టాప్ వైపు చూస్తున్నాడు.

"అక్కా, నాకు జ్వరం లేదు."

"జ్వరం వచ్చినోళ్ళంతా ఇదే మాట చెప్తారు."

"జ్వరం ఎక్కేటప్పుడు చలేస్తుంది, వణుకొస్తుంది. నాకు చూడండి, చెమట!"

"మా అవ్వ కూడా అదే చెప్తుంది. చెమట పడితే జ్వరం దిగతా ఉండాదని. దిగతా ఉండాదంటే ఎక్కిందనే కదమ్మా?"

నాలుగేళ్ళలో ఏ కాలేజీ నన్ను ఇంత శుభ్రంగా పడగొట్టలేదు.

కంగారులో ఇంకో తెలివి చూపించాను. ఫ్రిజ్‌లోంచి మజ్జిగ ప్యాకెట్ తీసి, ఐసు ముక్కలేసుకుని తాగి, "మళ్ళీ చూడండి!" అన్నాను.

బీప్. తొంభై నాలుగు.

"అయ్యో దేవుడా, ఒళ్ళు చల్లబడిపోతా ఉండాది! చేతన్, కారు పిలువప్పా!"

అప్పుడు వెలిగింది బల్బు. మేం కొలుస్తున్నది నన్ను కాదు! మొదట చారును, తర్వాత మజ్జిగను!

"అక్కా, ఇరవై నిమిషాలివ్వండి. నోట్లో చుక్క వెయ్యను. మాట కూడా మాట్లాడను. అప్పుడు చూడండి."

"నువ్వు? మాట్లాడకుండా?" చేతన్ నవ్వాడు. వాడికి జవాబు చెప్పకుండా ఉండటం ఆ రోజు నేను చేసిన అతి కష్టమైన పని. మంజులక్క ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

రెండూ యాభైకి బీప్. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు!

మంజులక్క నా నుదురు తడిమి, "సరే పో" అంది. పరుగు! డెమో అదిరింది. క్లయింట్ నా ఎర్రటి కళ్ళు చూసి, ఈ ప్రాడక్ట్ అంటే మీకంత ఎమోషనా అని అడిగాడు. చాలా, అన్నాను. చేతన్ టీమ్ గ్రూపులో "ఒప్పుకుంటున్నా, హీట్ అవ్వలేదు" అని రాశాడు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను. బయట కారం, చారు, ఐసు, మంజులక్క ఇంత గొడవ చేసినా లోపల గీత కదలనివ్వని నా ఒంటిని చూసి ఎంత గర్వపడ్డానో!

ఆ గర్వంతోనే నిన్న మెస్‌కి వెళ్ళి, అది నడిపే శీనన్నతో చెప్పాను. "అన్నా, మీ గుంటూరు కారంతో ఆఫీసులో పరువు నిలబెట్టా!"

వడ్డిస్తున్న గరిటె ఆపాడు. "గుంటూరుదా? అది ఇక్కడి ఆఫీసోళ్ళ కోసం సగం మిరపకాయలు తగ్గించి కొట్టించిందమ్మా. మన అసలు కారం డబ్బా లోపలుంటది. అడగలేదేం?"

ఒళ్ళు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరికి సర్దుకుంటుందని చదివాను. కానీ బెంగుళూరొచ్చిన మూడేళ్ళకే నాది సగం కారానికి చెమటలు కక్కి ఇంత నమ్మకద్రోహం చేస్తుందనుకోలేదు!

ఈ సంగతి చేతన్‌కి తెలియదు. మీరూ చెప్పకండి. లోపలి డబ్బాతో ప్రాక్టీస్ మొదలుపెట్టాను. ప్రస్తుతానికి పెరుగన్నంలో, చిటికెడు.