కోడలు నా ఫోన్‌లో మాట్లాడిన మాట

ఏడేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. అలసిపోయాను. నాకు సంతకం వరకే వచ్చు, అందుకే నేను చెబుతుంటే ఒకామె రాస్తోంది. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం.

మాది తాండూరు. మా ఆయన నాపరాళ్ల పాలిష్ పని చేసి చేసి పోయాడు. కొడుకూ అదే పనిలో ఉన్నాడు. బ్యాంకు వాళ్లు, పింఛను వాళ్లు ఫోన్ చేసి చెప్పింది నాకు గుర్తుండేది కాదు, రాసుకోవడం రాదు. ఫోన్ల దుకాణం అతను, మాట్లాడిందంతా దాచిపెట్టే యాప్ ఒకటి వేశాడు. మీ మాట, అవతలివాళ్ల మాట రెండూ వింటుందట, ఒప్పుకోమంటారా అని అడిగాడు. ఒప్పుకో అన్నాను. అవతలివాళ్లను కూడా అడగాలి కదా అని అప్పుడు తోచలేదు. తర్వాత తోచింది. తోచినా తీయించలేదు.

కోడలి ఫోన్ పగిలిన వారం, వికారాబాద్‌లో ఉండే వాళ్ల అక్కతో నా ఫోన్‌లోనే మాట్లాడింది. పెరట్లో నిలబడి, గొంతు తగ్గించి. తగ్గించింది కాబట్టే వినాలనిపించింది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెవికి ఆనించుకుని విన్నాను. ఒంట్లో రక్తం లేదు, మూడో కాన్పు వద్దని డాక్టరమ్మ చెప్పిందట. ఇద్దరు ఆడపిల్లలు చాలట. అక్కను చూసివస్తానని చెప్పి అక్కడి ఆసుపత్రిలో ఇక పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకుంటుందట. అత్తమ్మకు తెలిస్తే పోనివ్వదు అంది. నిజమే. నాకు మనవడు కావాలి, వాడికి మా ఆయన పేరు పెట్టుకోవాలి. రక్తం మాట విన్నాను. విననట్టు దాటేశాను.

కొడుకుకు చెప్పాను. ఎవరు చెప్పారంటే, తెలిసిందిలే అన్నాను. వాడు ప్రయాణం ఆపేశాడు.

మర్నాడు నేను చిక్కుడుకాయలు తుంచుతుంటే కోడలు వచ్చి పక్కన కూర్చుంది.

“మా అక్కకు తప్ప ఎవ్వరికి చెప్పలే అత్తమ్మా. గాయనకెట్ల తెల్సింది?”

“మీ అక్కనే అడుగు బిడ్డా.”

“అది చెప్పదు. నా మీద ఒట్టేసింది.”

“అది వాగుడుకాయ అని నువ్వే అంటివి గద. ఒట్టేస్తే నోరు ఊకుంటదా?”

ఎప్పుడో నవ్వుతూ అన్న మాట అది. దాన్నే తీసి ఆమె చేతిలో పెట్టాను. రెండు కాయలు తుంచి, లేచి వెళ్లిపోయింది.

ఊరుకోవచ్చు కదా? తెలియదు అంటే సరిపోయేది కదా? దొరికిపోతానన్న భయమా, లేక నాతో చెప్పుకోని కడుపులో మాట అక్కతో చెప్పుకుందన్న కుళ్లా, ఎన్నిసార్లు తిరగేసుకున్నా నాకు కుళ్లే ఎక్కువ కనిపిస్తుంది.

అక్క ఎన్నిసార్లు ఫోన్ చేసినా కోడలు ఎత్తలేదు. ఒకసారి సీతాఫలాలు పట్టుకుని రైలెక్కి వచ్చింది. కోడలు గదిలోంచి బయటికి రాలేదు. నేనే మంచినీళ్లిచ్చాను. జర మీరన్నా చెప్పండని నన్నే బతిమాలింది. అక్కచెల్లెళ్ల మధ్య నేను రానన్నాను. ఆమె మళ్లీ రాలేదు.

మూడోది కూడా ఆడపిల్లే. కాన్పులో రక్తం ఎక్కించారు. రెండు రోజులు కోడలు కళ్లు తెరవలేదు. ఆ రెండు రోజుల్లోనే యాప్ తీయించేశాను. ఇప్పటికీ ఆమె గోడ పట్టుకునే లేస్తుంది. ఆ చిన్నది నా పక్కలోనే పడుకుంటుంది, నా చెవి పట్టుకుంటే గానీ నిద్రపోదు. అది పుట్టకుండా ఉండాల్సింది అనడానికి నాకు నోరు రాదు. నేను చేసింది మంచిదే అనడానికీ రాదు.

కోడలికి చెప్పావా అంటారు. లేదు. చెబుతానో లేదో కూడా తెలియదు. నన్నే అమ్మ అనుకుంటోంది, నాకు అదొక్కటే మిగిలింది.

అక్క చెప్పలేదు. నేను విన్నాను. నేనే చెప్పాను. ఇంతవరకు ఈ మాట నా చెవికి కూడా వినపడేలా అనలేదు. ఇప్పుడు అన్నాను.