బూ దగ్గర ఆగిపోయిన పేరు

ట్యూనిస్ శివారులో టమాటా ఫ్యాక్టరీ మూతబడి పద్దెనిమిదేళ్లయినా ఖ్మైస్ మాత్రం గేటు కాపలా మానలేదు. జీతమిచ్చేవాళ్లు పోయారు, గేటు కూడా సగం పోయింది. తాళంచెవి మాత్రం ఆయన జేబులోనే ఉంది. పొద్దున్నే ఎర్ర చెచియా టోపీ సర్దుకుని ఆ సగం గేటు తెరిచి వస్తేగాని ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఇప్పుడా స్థలంలో నూట ఇరవై ఇళ్లు కడతామని మునిసిపాలిటీ వాళ్లు బడి ఆవరణలో సభ పెట్టారు. ఇంజనీరమ్మ రిహాబ్ నల్లబల్ల మీద పెద్ద ప్లాను అంటించింది. దాని నడిమధ్య ఆకుపచ్చ చుక్క చూడగానే ఖ్మైస్ గుండె జారింది. గేటు నుంచి తిన్నగా వచ్చిన రోడ్డు, ఆ చుక్క దగ్గరికి రాగానే పెద్దమనిషిని చూసిన కుర్రాడిలా పక్కకు తప్పుకుంది.

ఆ చుక్క ఆయన చేసిన పాపమే.

పెళ్లయిన కొత్తలో సంగతి. ఫ్యాక్టరీ మధ్యలో గుమ్మటం కప్పుతో నీళ్ల పంపు గది ఉండేది. పంపును అక్కడ 'బూంబా' అంటారు. ఆ మాటే గోడ మీద రాసి ఉండేది. పనివాళ్లంతా ఆ గోడ దగ్గరే ఒంటికి వెళ్లేవారు. తిట్టినా వినరు, తరిమినా వినరు. ఒకనాడు ఖ్మైస్‌కు విసుగెత్తి గుమ్మటానికీ గోడకూ తెల్ల సున్నం కొట్టి, గేటుకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు తలుపుకు పూశాడు. సున్నం చాలక పేరులో మొదటి 'బూ' అలాగే ఉండిపోయింది. తెల్ల గుమ్మటం, పచ్చ తలుపు, పైన 'బూ', అచ్చం మహాత్ముడి సమాధిలా తయారైంది. మహాత్ముల పేర్లకు ముందు 'సీదీ' అనీ 'బూ' అనీ చేర్చి పిలిచే ఊరు కదా, మర్నాటి నుంచి ఒక్కడూ ఆ గోడ వంక తిరగలేదు. వారం తిరిగేసరికి ఎవరో కొవ్వొత్తి వెలిగించారు. తరువాత గురువారం మధ్యాహ్నాలు ఆడవాళ్లు రావడం మొదలైంది. ఖ్మైస్ భార్య మన్నూబియా అయితే ఒక్క వారం తప్పలేదు. ఆమె మొహంలో ఆ పూట కనిపించే వెలుగు చూసి, నిజం చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

"ఖ్మైస్ బాబాయ్, మీరు ముందుకు రండి," అంది రిహాబ్. "ఈ మహాత్ముడి పేరు ప్లానులో రాయాలి. సీదీ బూ... తరువాతేమిటి?"

"చెప్పవయ్యా! తాళంచెవి నీ దగ్గరే కదా, పేరూ నీ జేబులోనే ఉంటుంది," అన్నాడు మంగలి తిజానీ వెనకనుంచి. అందరూ నవ్వారు.

ఖ్మైస్ టోపీ తీసి చేతిలో నలిపాడు. చెబితే గుమ్మటం కూలుస్తారు, భార్య గురువారాలు పోతాయి. చెప్పకపోతే, లేని మహాత్ముడికి పేరు పెట్టిన పాపం చచ్చేదాకా మెడకు చుట్టుకుంటుంది.

"మ్బా," అన్నాడు చివరికి, పీల గొంతుతో.

"ఏంటీ?"

"బూ... మ్బా. బూంబా. అది నీళ్ల పంపు తల్లీ. సున్నం కొట్టిన వెధవని నేనే."

  అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మన్నూబియా లేచింది.

"ఇవాళ చెబుతున్నావా? ఆ రోజు నీ చొక్కాకంటిన పచ్చరంగు ఉతికిందెవరనుకున్నావ్?"

"నీకు... తెలుసా?"

"మా అందరికీ తెలుసు. పక్కింటికి వెళ్తానంటే అత్తగారు సవాలక్ష ప్రశ్నలు అడిగేది. సీదీ దగ్గరికి అంటే మాత్రం 'నా పేరునా మొక్కు తల్లీ' అని పంపేది. బాదం పప్పు వేసుకుని టీ తాగేవాళ్లం, నవ్వుకునేవాళ్లం. మొక్కిందెవరు?"

ఆడవాళ్లు ఒక్కసారిగా పగలబడి నవ్వారు. కొందరు మగవాళ్లు ఏ గురువారం ఏమైందో గుర్తుచేసుకుంటూ గడ్డాలు గోక్కున్నారు.

రిహాబ్ రబ్బరుతో పచ్చ చుక్క చెరిపింది. ఖ్మైస్ తల దించుకున్నాడు. "ఆ పంపు కింద బావిలో నీళ్లున్నాయా బాబాయ్?" అని ఆమె అడిగింది.

"తియ్యటి నీళ్లు. ఇప్పటికీ."

"అయితే నూట ఇరవై ఇళ్ల మధ్య తోటకి నీళ్లు ఇంకెక్కడ వెతకాలి? గుమ్మటం, బల్లలు, నీడ. రోడ్డు వంకర అలాగే ఉంటుంది." చుక్క ఉన్నచోటే నీలంగా గీసి, పక్కన 'బూంబా' అని నిండుగా రాసింది.

మర్నాడే ఖ్మైస్ రంగు డబ్బా, కుంచె పట్టుకుని బయల్దేరాడు, గోడ మీద మిగతా అక్షరాలు పూర్తి చేసి పాపం కడుక్కుందామని. మన్నూబియా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నీకు బుద్ధుందా? మీ అమ్మకి తొంభై రెండేళ్లు, సభకు రాలేదు, ఇంకా 'ఎక్కడికే' అంటూనే ఉంది. పైగా నూట ఇరవై ఇళ్లు. అందులోకి ఎంతమంది అత్తలు దిగుతారో ఆలోచించావా? కోడలిపిల్లలకు కాస్త దారి ఉండనీ."

 కుంచె ఎలాగూ తడిపేశాను కదా అని, ఖ్మైస్ ఆ 'బూ'నే మళ్లీ ఒకసారి మెరిసేలా దిద్ది ఇంటికొచ్చాడు.