స్కార్‌బరో లైబ్రరీలో వన్స్ మోర్

కాలేజీలో చేరిన మొదటి ఏడాది మేం నలుగురు అమ్మాయిలం స్కార్‌బరోలో ఒక రష్యన్ ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లం. మన పిల్లలు విమానాలకు విమానాలు దిగుతున్న రోజులవి, బేస్‌మెంట్ దొరకడమే గగనం. ఆవిడని మేం ఆంటీ అనేవాళ్లం. ఆవిడకీ అలవాటైపోయింది.

ఆంటీ వాళ్ల నాన్న వోల్గా ఒడ్డున చిన్న ఊళ్లో పడవలు బాగుచేస్తూ కవిత్వం రాసేవాడట. అచ్చువేసింది ఒకే ఒక పల్చటి పుస్తకం. అందులో ప్రతి కవితా వాళ్ల పాతకాలపు మహాకవి పాదం ఒకదానితో మొదలై, ఆ నడకలోనే కొంతదూరం పోతుంది. మహాకవి రాసిన శీతాకాలంలో గుర్రపుబండ్లు పరుగెడితే, ఈయన రాసిన శీతాకాలంలో మంచులో ఇరుక్కున్న పడవలు, వాటికి పూయడానికి కాగుతున్న తారు. ఊరి పత్రిక మాత్రం మహాకవికి నకలు అని ఒక్క ముక్కలో కొట్టిపారేసింది. ఆయన మళ్లీ కలం పట్టలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీలో ఎవరి భాషలో వాళ్లు కవిత్వం చదివే సభ పెట్టారు. ఆంటీ పేరిచ్చి, తీరా ఇంట్లోంచి బయల్దేరే సమయానికి చదవనంది. ఇక్కడా ఎవరైనా నకలు అంటారేమోనని భయం. నాకు ఒళ్లు మండింది. మా అవధానాల్లో ఒకరు పాదం ఇస్తే ఇంకొకరు పద్యం పూర్తి చేస్తారనీ, దాన్ని దొంగతనం అన్నవాణ్ణి సభలోంచి లేపి పంపేస్తారనీ చెప్పాను. చివరి ముక్క నేను కల్పించిందే.

"మీ నాన్నగారు చేసింది సమస్యాపూరణం, ఆంటీ."

ఆ మాట నాచేత నాలుగుసార్లు పలికించుకుని, కాగితం మీద రాసుకుని బయల్దేరింది.

మాకు రష్యన్ ఒక్క ముక్క రాదు. కానీ మా తాతయ్య పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు, నా చెవి నడకని వదలదు. ఆంటీ చదువుతుంటే పాదాలు ఒకే తీరులో పరుగెత్తి, ఉన్నట్టుండి ఒకచోట పొట్టివై, నెమ్మదించాయి. నేనెక్కడున్నానో మర్చిపోయి వన్స్ మోర్ అని అరిచేశాను. హాలంతా ఇటు తిరిగింది. లైబ్రేరియన్ లేచి నిలబడింది.

పక్కనున్న మా బేస్‌మెంట్ వరంగల్ పిల్ల నా మోచెయ్యి గిల్లింది. "లైబ్రరీల గట్ల ఒర్లుతవేందే?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా ఊళ్లో పద్యం నచ్చితే ఇలాగే మళ్లీ పాడించుకుంటారని లైబ్రేరియన్‌కి నసుగుతూ సంజాయిషీ చెప్పాను.

ఆంటీ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఇక్కడిదాకా మహాకవి నడక. నువ్వు అరిచిన దగ్గర్నుంచి మా నాన్నది," అంది. తర్వాత ఇంకా నెమ్మదిగా, "ఆయన్ని మళ్లీ చదవమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు," అంది.

నాకు పట్టరాని సంతోషంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లైబ్రేరియన్ కూర్చుంది. ఆంటీ మొదటినుంచీ మళ్లీ చదివింది, ఈసారి గొంతు పెంచి. ఆ చోటు రాగానే తనే ఆగి మా వైపు చూసింది. అందరికంటే ముందు అరిచింది వరంగల్ పిల్లే.