కొళుప్పు లేని మునగాకు

తమిళసీమలోని కినత్తుకడవు తోటల్లో కొబ్బరికాయలు ఒలవడంలో సంజీవిది తిరిగిన చేయి. నేలలో పాతిన గునపం మొన మీద కాయ గుచ్చి ఒక్క మెలిక తిప్పితే చాలు, పీచు ఊడి వచ్చేది. లోకంలో ఆయన నమ్మింది ఆ మొననొక్కదాన్నే. పాలలో నీళ్లు వెతికేవాడు, తూకంలో మోసం వెతికేవాడు. అంగడి నూనె కల్తీ అని ఎవరో అంటే విని, ఉన్న డబ్బా గట్టు మీద కుమ్మరించాడు. కొబ్బరి ఒంటికి చెడ్డదని ఇంకెవరో అంటే అదీ మానేశాడు. ఆ రోజు నుంచి ఆయన కంచంలోకి మునగాకు ఉత్త నీళ్లలో ఉడికి వచ్చేది.

ఏడాది తిరక్కుండానే, పొద్దు వాలితే గునపం మొన కనబడడం మానింది. ఓ సాయంత్రం అరచేయి చీరుకుంది.

"చాలు నాయనా, గునపం పీకేస్తా," అన్నాడు కొడుకు సెంథిల్‌కుమార్.

సంజీవి గునపానికి అడ్డం నిలబడ్డాడు. ఆ పని పోతే ఇంకేం చేస్తూ బతకాలి? అనుమానం కోడలు దేవిప్రియ మీదికి పోయింది.

"అమ్మిణీ, దినమూ పెడతా ఉండావే, అది మునగాకేనా?"

"కాదు మామా, మేక మిగిల్చిన ఆకు," అంది దేవిప్రియ. "మీ కండ్ల ముందే కదా కోసేది!"

ఆస్పత్రిలో డాక్టరమ్మ అముద కళ్లు చూసింది, రక్తం పరీక్ష చేయించింది, ఏం తింటారో అడిగింది. చివరికి తమిళంలో అంది: "తాతా, ఉంగ సాప్పాట్టుల కొళుప్పే ఇల్లే."

మీ తిండిలో కొవ్వే లేదు, అని. కొళుప్పంటే కొవ్వూ, పొగరూ కూడా. సంజీవి దిగ్గున లేచాడు.

"నా కొళుప్పు ఊరంతా ఎరుగుదురు. లేదనడానికి ఈ పిల్ల ఎవరు?"

దేవిప్రియ నవ్వు ఆపుకోలేకపోయింది. "మీకు కాదు మామా, మీ ఆకుకు లేదంట!"

ఆకు పచ్చదనం మాటున, క్యారెట్‌లో ఉండేలాంటి పసుపు రంగొకటి ఉంటుందనీ, మసక వెలుగులో కంటికి పనికొచ్చేది అదేననీ, ఉడికిన ఆకుకు కాస్త నూనె తోడైతేనే అది బాగా ఒంటబడుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. మాత్రలూ రాసింది.

"మాత్రలు అమ్ముకునే కథ," అని గొణిగాడు సంజీవి. అయినా మాత్రలు మింగాడు, తన కొబ్బరి తానే ఎండబెట్టి గానుగకు మోశాడు. చుక్క మారిపోతుందేమోనని పక్కనే కూర్చున్నాడు. డాక్టరమ్మ మాట తేల్చుకుందామని ఇంట్లో క్యారెట్ కోరు నీళ్లలో కొంత, ఆ నూనెలో కొంత వేడి చేయించాడు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. నూనె నారింజ రంగు తిరిగింది.

"క్యారెట్‌కు రంగు పూసినారేమో," అన్నాడు. అంటూనే కంచం ముందుకు జరిపాడు.

కొన్నాళ్లకు, వెలుగు సన్నగిల్లే వేళ, ఎదురుగా గునపం మొన నల్లగా, సూటిగా తేలింది. కాయ గుచ్చి మెలిక తిప్పాడు. పీచు ఊడింది.

"మాత్రనా, నూనెనా మామా?" అంది దేవిప్రియ.

"నాకు రెండింటి మీదా అనుమానమే అమ్మిణీ," అన్నాడు. "రేపు ఆకులో ఇంకో చుక్క నూనె ఎక్కువ పోయ్."