మార్షల్ గారికి మూడు ఉత్తరాలు

ఫిలిబెర్త్ పదకొండో ఏట నుంచీ ఊరి బట్టలు ఉతికింది. మోర్వాన్ కొండల అంచున, ఓతున్ పట్నానికి మూడు గంటల నడకలో ఉన్న ఆ ఊళ్లో ఎవరికి నెల తప్పిందో, ఎవరు రక్తం దగ్గుతున్నారో అందరికంటే ముందు ఆమె చేతులకే తెలిసేది. తెలిసినా పెదవి విప్పేది కాదు. అందుకే మూటలన్నీ ఆమె గుమ్మంలోకే వచ్చేవి.

మొగుడు అడవిలో కొట్టిన చెట్టు మీదపడి పోయాడు. మిగిలింది ఒక్క కొడుకు, ఆందోష్. వాడికి రెన్ అనే పిల్లని చేసి ఏడు నెలలు కాలేదు, యుద్ధం వచ్చి పట్టుకుపోయింది. 1870 సెప్టెంబరులో సెడాన్ దగ్గర ప్రష్యావాళ్ల చేతిలో మనవాళ్లు ఓడిపోయారు. ఆందోష్ చనిపోయినవాళ్ల జాబితాలో లేడు, తిరిగొచ్చినవాళ్లలోనూ లేడు.

ఆ సైన్యాన్ని నడిపిన మార్షల్ గారు ఈ నేలమీద పుట్టినవాడే. వాళ్ల కోట రెండు కొండల అవతల. ఆయనకి యుద్ధం రోజు పొద్దున్నే ఫిరంగి గుండు పెచ్చు తగిలింది. పోయాడనే ఊళ్లో అనుకున్నారు. పోలేదు. లేచి తిరగడమే కాదు, నిరుటి నుంచీ దేశానికే అధ్యక్షుడయ్యాడు. ఫిలిబెర్త్ ఆశంతా ఆ ముక్క పట్టుకుని వేలాడుతోంది. పోయాడనుకున్నవాడు అంతవాడైతే, పోయాడని ఎవరూ అనని తన కొడుకు ఎక్కడో ఉండకూడదా?

బడి పంతులు చేత ఆయనకి మూడు ఉత్తరాలు రాయించింది. జవాబు రాలేదు.

"అంత మందలో నీ కొడుకు మొహం ఆయనకి గుర్తుంటుందటే, పిచ్చిదానా?" అంది చాకిరేవు కాడ పెరోన్, పొరుగింటి ముసలిది, బండమీద దుప్పటి బాదుతూ.

"మా పెదనాన్న డెబ్భై ఆవుల్నీ పేరుపెట్టి పిలిచేవాడు. ఈయన మనుషుల్ని నడిపినవాడు. అందులోనూ మన మట్టి. ఆమాత్రం తెలీదూ?"

"మీ పెదనాన్న ఆవుల్ని కసాయివాడికి తోలేటప్పుడూ పేర్లు పెట్టే పిలిచాడా?"

రేవంతా గొల్లుమంది. ఫిలిబెర్త్ తడిపిన బట్టనే మళ్లీ తడిపింది.

ఆ ఏడు ఆమె కుదురుగా కూర్చున్నది లేదు. రొట్టె కోస్తూ మధ్యలో లేచి వీధిలోకి చూసేది. కారణం రెన్. చెక్కబూట్లు చేసే మాతియ్యో ఆ పిల్లని చేసుకుంటానన్నాడు. మంచివాడు, రెన్‌కీ ఇష్టమే. కానీ కోర్టులో ఆందోష్ పోయినట్టు రాస్తేనే రెండో పెళ్లి. రాయాలంటే కళ్లారా చూసినవాడొకడు కావాలి, కన్నతల్లీ వచ్చి ఒప్పుకోవాలి.

"అత్తా, నాలుగేళ్లయింది," అంది రెన్ ఒకరోజు, గంజి గిన్నె ముందు తల వంచుకుని. "నాకిరవై అయిదొచ్చాయి. మీరు కోర్టుకి రమ్మంటే రేపే వస్తాను, ఇలాగే ఉండమంటే ఉంటాను. ఏదో ఒకటి చెప్పండి."

"మార్షల్ గారు వేటకి కోటకొస్తున్నారు. దారిలో నిలబడి అడుగుతా. వాడు పోయాడని ఆయనంటే పోయినట్టే."

"ఆయన అనకపోతే?"

ఫిలిబెర్త్ లేచి తలుపు తీసి, బయటికి చూసి, మళ్లీ వేసింది.

ఆ వారంలోనే ఊళ్లోని తూసాన్ వాళ్లక్క ఒక మూట తెచ్చిపడేసింది. తూసాన్, ఆందోష్ ఒకే దళంలో వెళ్లారు. తూసాన్ మట్టుకు తిరిగొచ్చాడు. అడిగితే "గందరగోళంలో విడిపోయాం" అనేవాడు, అంతే. బ్రహ్మచారి. తన బట్టలు తనే ఊరి చివర వాగులో ఉతుక్కునేవాడు. "ఏమోయ్ తూసాన్, పావడాలు కూడా కుట్టుకుంటావా?" అని ఆడవాళ్లు ఆటపట్టించినా మూట వదిలేవాడు కాదు. ఇప్పుడు రంపపు మిల్లులో చెయ్యి విరిగింది. అక్కకి పిల్లలతోనే సరి. తమ్ముడికి చెప్పకుండానే మూట కట్టి తెచ్చింది.

ఫిలిబెర్త్ బట్టల్ని బూడిదనీళ్లలో నానబెట్టేముందు ఒక్కొక్కటీ విప్పి చూస్తుంది, మరకని బట్టి వరస. అడుగున ఒక పాత జనపనార చొక్కా. చంక కింది అతుకు మీద వేలు ఆగింది. ఎడమ చంక అతుకు కొంచెం వంకర. ఆ కుట్టు వేసేటప్పుడు ఆమెకి బొటనవేలి గోరు ఊడి ఉంది.

మెడ దగ్గర వెలుతురుకి పట్టింది. అక్షరాలు రావు గనక తన ఇంటి బట్టలమీద ఎర్రదారంతో మూడు ఇంటూలు, కింద ఒక గీత వేసేది. దారం ఎవరో లాగేశారు. సూది పోయిన కన్నాలు మాత్రం వరసలో ఉన్నాయి. మూడు ఇంటూలు, ఒక గీత.

చొక్కా తడపలేదు. అలాగే చేతిలో పట్టుకుని వీధికడ్డంపడి నడిచింది.

తూసాన్ పొయ్యి దగ్గర కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చొక్కా చూసి లేవబోయాడు.

"ఇది నీ దగ్గరికెలా వచ్చిందిరా?"

"అత్తా..."

"వాడిచ్చాడా, నువ్వు తీశావా?"

తూసాన్ చొక్కా మీంచి చూపు పొయ్యిలోకి తిప్పుకున్నాడు.

"తీశాను," అన్నాడు చివరికి. "వాడు యుద్ధంలో పోలేదత్తా. ఇద్దరం బతికే దొరికిపోయాం. ఏటి మలుపులో ఒక లంకలో అందర్నీ తోలేశారు. తిండి లేదు. చచ్చిన గుర్రాలు కోసుకున్నాం, పచ్చి దుంపలు తిన్నాం. వానే వాన. వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. బురదలో నా ఒళ్లో తలపెట్టుకునే పోయాడు. నా చొక్కా కుళ్లి ఊడిపోయింది. వాడిది బాగుంది. తీసుకున్నాను. చలి, అత్తా. ఆ తరవాత మీ మొహం చూసి ఎలా చెప్పను, వాడి ఒంటిమీది గుడ్డ నా ఒంటిమీద ఉంటే?"

ఫిలిబెర్త్ చెయ్యెత్తింది. కొట్టడానికే. ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక అలా ఉండిపోయింది.

"నాలుగేళ్లురా. నాలుగేళ్లు వీధి చూశాను, మార్షల్ గారికి ఉత్తరాలు రాయించాను. నువ్వు ఏడిళ్ల అవతల ఉన్నావు."

"ఉన్నానత్తా."

"ఎప్పుడు పోయాడు?"

"మాలో ఒకతను, ఇవాళ దేవమాత పుట్టినరోజని ప్రార్థన చెప్పాడు. దాని మర్నాడు. తెల్లారాక."

"కోర్టులో చెప్తావా?"

"చొక్కా సంగతీ చెప్తాను."

"దాన్ని చెప్పకు," అంది ఆమె. ఎందుకందో ఆమెకే తెలియదు.

మార్షల్ గారు వచ్చే రోజూ కోర్టు రమ్మన్న రోజూ ఒకటే అయింది. పొద్దుటికే ఊరు ఊరంతా ఉతికిన టోపీలు పెట్టుకుని దారి పొడుగునా నిలబడింది. ఫిలిబెర్త్, రెన్, తూసాన్ ఆ జనంలోంచి ఎదురు నడిచారు.

"ఎక్కడికే? ఉత్తరాలాయన వస్తుంటే!" అని కేకేసింది పెరోన్.

కోటవైపు పోయే బళ్లు మలుపు తిరిగాయి. ముగ్గురూ కాలవగట్టు మీదికి తప్పుకున్నారు. తెరలు వేసిన బండి ఒకటి బురద చిమ్ముకుంటూ పోయింది. వెనక గుర్రపువాళ్లు.

"అత్తా, అడుగుతారా?" అంది రెన్ మెల్లిగా.

"ఆయన్నేం అడుగుతాం, పదవే. ఆలస్యమవుతుంది."

కోర్టులో గుమాస్తా కళ్లజోడు పైనుంచి చూశాడు. తూసాన్ చెప్పింది రాసుకున్నాడు. "తల్లిగారూ, మీకు ఏ కబురూ రాలేదు కదా?" రాలేదంది. "చనిపోయాడని ఒప్పుకుంటున్నారా?" రెన్ చెయ్యి ఆమె మోచేతిని తాకింది, వెంటనే వెనక్కి పోయింది. ఆ పిల్ల ఊపిరి బిగబట్టడం ఫిలిబెర్త్‌కి వినిపించింది.

"ఒప్పుకుంటున్నాను."

"తేదీ?"

"సెప్టెంబరు తొమ్మిది," అన్నాడు తూసాన్.

ఆమె సంతకం చోట ఇంటూ పెట్టింది. ఒక్కటే.

తిరుగుదారిలో రెన్ ఏడుస్తూనే ఉంది, మధ్యమధ్యలో ఆమె చెయ్యి ముద్దుపెట్టుకుంటూ. మాతియ్యో ఊరి మొదట్లో ఎదురొస్తాడని ఇద్దరికీ తెలుసు. ఫిలిబెర్త్ ఆ పిల్ల తల నిమిరింది గానీ మనసు అక్కడ లేదు. నాలుగేళ్ల కిందటి సెప్టెంబరు తొమ్మిది. ఆ రోజు తనేం చేసింది? ఏ వారం అది? రేవుకి వెళ్లిందా? బహుశా ఎవరివో దుప్పట్లు ఉతికి ఉంటుంది. పెరోన్ ఏదో అని ఉంటుంది, తను నవ్వి ఉంటుంది. రాత్రి కడుపునిండా సూపు తాగి పడుకుని ఉంటుంది. ఆ రోజుని ఎంత వెతికినా చేతికి దొరకలేదు. మామూలు రోజు. అడుగు వెనక అడుగు వేస్తూ, ఆ వేసవి చివర నుంచీ ఒక్కొక్క ఉతుకూ, ఒక్కొక్క ఇల్లూ లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఎనిమిదో తారీకు దాకా వచ్చి ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టింది.