రత్నావళి గారి వన్స్ మోర్

2007 వేసవిలో నన్ను వైజాగ్ నుంచి రాజమండ్రి వేశారు. కొత్తగా పెట్టిన ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్‌లో ప్రొడ్యూసర్ పోస్టు. ఆ ఉద్యోగం ఇప్పుడు మానేశాను. ముప్పై ఏళ్ళకే రిటైరైపోయావా అని మా ఇంట్లో వెక్కిరిస్తారు. ఏం చేస్తాం, రేడియోలో గొంతు, చెవి రెండూ తొందరగా అరిగిపోతాయి. కోపం ఒక్కటే అరగదు, నాదైతే అస్సలు అరగలేదు.

మాది చిన్న స్టేషన్. పైన స్టేషన్ హెడ్, ఆయన కింద ప్రొడ్యూసర్‌గా నేను. పక్క గదిలో ఒకతను ఫోన్లు ఎత్తి, పేరూ ఊరూ కనుక్కుని, తిట్టే రకం కాదనుకుంటే నా స్క్రీన్ మీదకి పంపేవాడు. దాన్నే స్క్రీనింగ్ అంటారు. మనుషులు తక్కువ కాబట్టి మైకు ముందు కూర్చోవడం కూడా నా పనే.

చేరిన కొన్ని నెలలకి హెడ్ గారు ఒక లైవ్ ప్రోగ్రాం అప్పగించారు. పద్య నాటకాల్లో రాజు వేషం కట్టే కామేశం గారు పోయి ఏడాదైంది. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా అభిమానుల ఫోన్లు, మధ్య మధ్యలో ఆయన పాత రికార్డింగులు. పోయిన మనిషి గురించి పొగడ్త తప్ప ఇంకో మాట రాకూడదని కచ్చితంగా చెప్పారు.

నాకు పద్య నాటకమంటే ఓనమాలు రావు. రికార్డింగ్ పెట్టుకుని, చేతిలో ఫోన్‌లో మెసేజ్ కొట్టుకుంటూ వినడం మొదలుపెట్టాను. పద్యం సగానికొచ్చేసరికి ఆ మెసేజ్ ఎవరికి కొడుతున్నానో మర్చిపోయాను. అలాంటి గొంతు ఆయనది.

అభిమాన సంఘం ప్రెసిడెంటు సత్తిరాజు గారిది ఆత్రేయపురం. పూతరేకుల డబ్బా పట్టుకుని స్టేషన్‌కి వచ్చారు. కామేశం గారి పక్కన పద్నాలుగేళ్ళు రాణి వేషం వేసిన రత్నావళి గారిని కూడా పిలుద్దామా అని అడిగాను. ఆయన ముఖం మాడ్చుకున్నారు.

"ఆవిడెందుకండీ? ఆవిడకి నోరు ఎక్కువండి" అన్నారు.

నోరు ఎక్కువని ఎవరైనా ఆడదాన్ని అంటే నాకు ఎక్కడో కాలుతుంది. ఆయన ఎదురుగానే ఫోన్ తీసి ఆవిడకి కలిపాను.

ఆవిడ వస్తానన్నారు. ఒకే ఒక్క కోరిక కోరారు.

"ఆయన పద్యాలు ఎన్నైనా వేసుకోండి తల్లీ. నన్ను మాత్రం ఒక్క పద్యం నిండుగా పాడుకోనివ్వు. జనం వన్స్ మోర్ అంటే ఇంకోసారి కూడా పాడనివ్వు. మధ్యలో ఎవరూ రాకూడదు" అన్నారు.

ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. పద్య నాటకంలో జనం వన్స్ మోర్ అంటే నాటకం ఆపి, ఆ పద్యం మళ్ళీ పాడాల్సిందే. ఎవరికి ఎన్ని వన్స్ మోర్లు పడ్డాయన్నదే నటుల హోదా. రత్నావళి గారి పద్యం బాగా పండుతోందనిపిస్తే, కామేశం గారు తన సీను రాకముందే స్టేజి ఎక్కేసేవారట. రాజు కనబడగానే జనం ఈలలు. ఇంక రాణిగారి పద్యం ఎవడిక్కావాలి? పద్నాలుగేళ్ళలో ఆవిడ ఒక్క వన్స్ మోర్ కూడా పాడలేదు.

మాటిచ్చేశాను. చివరి ఐదు నిమిషాలు ఆవిడకని రాసుకున్నాను.

ఆ రోజు సాయంత్రం స్టూడియోలో నాకు అటు రత్నావళి గారు, ఇటు సత్తిరాజు గారు. మొదటి ఫోన్ కాకినాడ నుంచి. ఒకాయన కామేశం గారి పద్యం విన్నాక వారం రోజులు ఇంకో పాట చెవికెక్కలేదన్నాడు. తర్వాత ఇంకొకాయన, నాటకం ఎనిమిదికి అంటే ఆయన పదిన్నరకి దిగేవారండి, మనిషి కంటే ముందు మందు వాసన దిగేదండి, అయినా నోరు తెరిస్తే అన్నీ మర్చిపోయేవాళ్ళమండి అన్నాడు.

"మహానుభావులకి అలాంటివి మామూలేనండి" అన్నారు సత్తిరాజు గారు.

రత్నావళి గారు నవ్వేశారు.

"నా పద్యం చివర నేను రాగం తీస్తుంటే తెర వెనకాల చిన్న దగ్గు వినబడేదండి. ఆ దగ్గు విన్నానంటే ఇంక కట్టెయ్యాలన్న మాటే. వచ్చేస్తున్నారని" అంటూ ఆ దగ్గు దగ్గి చూపించారు. అచ్చం రికార్డింగులో పద్యం ఎత్తుకునే ముందు ఆయన దగ్గినట్టే ఉంది.

"నాటకం ముందుకి నడవాలి కదండీ మరి" అన్నారు సత్తిరాజు గారు.

"ఆయన తన పద్యం నాలుగుసార్లు పాడినప్పుడు నడిచిందాండీ? కాళ్ళు బారజాపుకుని కూర్చుంది!"

అంతే, లైన్లన్నీ ఎర్రగా వెలిగాయి. సగం మంది నవ్వుతున్నారు, సగం మంది మండిపడుతున్నారు. ఒకడు స్క్రీనింగ్ దాటుకుని వచ్చి ఆవిణ్ణి పాడు మాట అన్నాడు. లైవ్‌లో మన మాట కొన్ని సెకన్లు ఆలస్యంగా గాల్లోకి వెళ్తుంది. ఈలోపు బటన్ నొక్కితే బూతు ఎగిరిపోతుంది. నొక్కేశాను. ఊరుకోవచ్చుగా? వాణ్ణి పట్టుకుని చెడామడా కడిగేశాను. వాడి మాట పోయింది, నా మాటలు మాత్రం గాల్లోకి వెళ్ళాయి. విన్నవాళ్ళకి నేను ఎవరూ లేకుండానే ఒక్కదాన్నే అరిచినట్టు వినబడిందట.

ఆ ఊపులోనే, ఇలాంటి మనిషికి అభిమానులేంటండీ అని మైకులో అనేశాను. రత్నావళి గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"అలా అనకు తల్లీ. ఆ గొంతు వీళ్ళంతా స్టేజి కింద నుంచి విన్నారు. నేను మూరెడు దూరంలో నిలబడి విన్నాను. బాగుండకపోతే పద్నాలుగేళ్ళు నిలబడతానా? గొంతు గొంతే, బుద్ధి బుద్ధే. రెండూ ఆయనవే."

అప్పుడొచ్చింది కోరుకొండ నుంచి ఒక పెద్దాయన ఫోన్.

"అమ్మా, మా ఊళ్ళో మీరు పాడిన రోజు నేను ముందు వరసలో ఉన్నానండి. వన్స్ మోర్ అని అరవబోయానండి. ఈలోపు ఆయన వచ్చేశారు. నోట్లో మాట నోట్లోనే ఉంది, ఈల మాత్రం వేసేశాను. ఆయన్ని అనుకుంటే ఏం లాభమండీ. ఈల వేసింది మేమే కదా."

సత్తిరాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఏ ఊళ్ళో ఎన్ని ఈలలు వేశారో ఆయనకే తెలియాలి.

ఎనిమిదికి ఐదు నిమిషాలుంది. హార్మోనియం లేదు. రత్నావళి గారు సత్తిరాజు గారి వైపు తిరిగారు.

"రాజుగారూ, మీకు శ్రుతి జ్ఞానం ఉందిగా. కాస్త పట్టండి" అన్నారు.

సంఘం ప్రెసిడెంటుకి మైకు ముందు తప్పించుకోవడానికి దారేదీ? గొంతు సవరించుకుని "ఆ..." అని పట్టుకున్నారు. ఆ శ్రుతి మీద ఆవిడ రాణి పద్యం ఎత్తుకున్నారు. అరవై దాటిన గొంతు, అక్కడక్కడా జీర. చివరి రాగం మాత్రం తీగలా సాగదీసి, ఆవిడ అనుకున్న చోటే దించారు. ఎవరూ దగ్గలేదు.

లైన్లన్నీ మళ్ళీ వెలిగాయి. స్క్రీనింగ్ కుర్రాడు అద్దం అవతల నుంచి రెండు చేతులూ గాల్లో తిప్పుతున్నాడు. చేతిలో ఫోన్‌కి శ్రోతల మెసేజులు పడుతూనే ఉన్నాయి, అన్నిట్లోనూ ఒకటే మాట, వన్స్ మోర్. గడియారం చూస్తే ఎనిమిది కొట్టబోతోంది. ఎనిమిదికి కంప్యూటర్ తనంతట తనే స్పాన్సర్ యాడ్ వేసేస్తుంది, ఎవరు పాడుతున్నా సరే. ఇదే హార్డ్ బ్రేక్. హెడ్ అనుమతి లేకుండా దాన్ని ఆపితే ఉద్యోగానికి ముప్పు.

సత్తిరాజు గారి వైపు చూశాను. పద్యం అయిపోయింది. ఆయన మాత్రం శ్రుతి ఆపలేదు. కళ్ళు మూసుకుని "ఆ..." అంటూనే ఉన్నారు, ముఖం ఎర్రబడి, ఊపిరి అందక.

సిస్టమ్‌ని ఆటో నుంచి మాన్యువల్‌కి మార్చేశాను. వెంటనే హెడ్ గారి ఫోన్ మోగింది. నా జన్మలో మోగుతున్న ఫోన్‌ని బోర్లా పెట్టింది అదే మొదటిసారి. రత్నావళి గారు మళ్ళీ పాడారు. మొదటిసారి కంటే తీరిగ్గా.

మర్నాడు మెమో ఇచ్చారు. తప్పు నాదే కాబట్టి ఒప్పుకుని సంజాయిషీ రాసిచ్చాను. ఇంకో ఆరు నెలల దాకా లైవ్ ప్రోగ్రాం చేతికివ్వలేదు. మెమో వచ్చిన సాయంత్రమే సత్తిరాజు గారు ఫోన్ చేశారు.

"సంఘంలో నలుగురు మానేశారండి. మిగతావాళ్ళు వచ్చే ఏడాది సభకి ఆవిణ్ణి పిలుద్దామంటున్నారు. పిలుస్తాం లెండి. ఫొటో మటుకు ఆయనదే పెద్దదండోయ్" అన్నారు.

ఆ తర్వాత నివాళి ప్రోగ్రాములు చాలా చేశాను. చప్పట్లు కొట్టినవాళ్ళ కంటే ముందు పక్కన నిలబడి పనిచేసినవాళ్ళని పిలవడం అలవాటు చేసుకున్నాను. వాళ్ళ పాటని గంట చివర్లో పెట్టకూడదు. చివర్లో పెడితే ఏదో ఒకటి వచ్చి కోసేస్తుంది. ఏడున్నరకి పెట్టాలి.