తాబేలు బండ మీద పరిశోధన, బల్ల కింద ఇంటర్వ్యూ

ఆ రోజుల్లో హైదరాబాదులో రెండే రకాల మనుషులు ఉండేవారని నాకిప్పటికీ అనిపిస్తుంది. కంప్యూటర్ నేర్చుకుంటున్నవాళ్ళు ఒక రకం, నేర్చుకోవాలా వద్దా అని నిద్రపట్టక దొర్లేవాళ్ళు రెండో రకం. నేను రెండో రకం. ఊరికి పడమటి కొసన, రాళ్ళగుట్టల మధ్య ఉన్న ఒక యూనివర్సిటీలో వృక్షశాస్త్రంలో పిహెచ్.డి. చేస్తుండేదాన్ని. నా అంశం రాతిపువ్వు. బండల మీద బూడిదరంగు మచ్చల్లా అంటుకుని పెరుగుతుందే, అది. (బిర్యానీ మసాలాలో వేసేది దాని వరసదే. అందుచేత నా పరిశోధన ఏమిటని అడిగిన ప్రతివాళ్ళూ చివరికి బిర్యానీ దగ్గరికే చేరేవారు.) ఏడాదంతా గడిచి అది ఓ మిల్లీమీటరు పెరిగితే గొప్ప. దాన్ని స్కేలుతో కొలుచుకుంటూ నేను బండ మీద బోర్లా పడుకుని ఉంటే, పక్కనే అద్దాల మేడలు చూస్తుండగానే అంతస్తు మీద అంతస్తు వేసుకుంటూ లేచిపోయేవి. దేశంలోకెల్లా నెమ్మదిగా పెరిగేదాన్ని, దేశంలోకెల్లా తొందరపడుతున్న చోట కూర్చుని కొలవాలనుకున్న తెలివిగలదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నేను కొలిచే బండల్లో పెద్దదానికి తాబేలు బండ అని పేరు పెట్టుకున్నాను. దాని వీపు మీద చాక్‌పీసుతో గళ్ళు గీసి, గడి గడికీ లెక్క రాసుకునేదాన్ని. చుట్టుపక్కల గుట్టల్ని మేడల కోసం పేలుస్తుండేవారు. పేల్చేముందు ఎర్రజెండా పట్టుకున్న మేస్త్రీ మూడుసార్లు విజిల్ ఊదేవాడు. అది వినగానే చేతిలో ఉన్నది అక్కడే వదిలేసి, దగ్గర్లో ఉన్న రాయి చాటున, రెండు పేలుళ్ళూ అయ్యేదాకా తల దాచుకోవాలి. మొదటిసారి నాకిది తెలియక బిత్తరచూపులు చూస్తుంటే, ఆ మేస్త్రీ వచ్చి జబ్బ పట్టుకుని కిందికి గుంజి, “విజిల్ ఇనవడ్తలేదా అమ్మా, జర వంగు” అని కసిరాడు. ఆ తర్వాత నాకది ఎంతగా అలవాటైపోయిందంటే, హాస్టల్లో ప్రెషర్ కుక్కర్ మూడో కూత వేసినా భుజాలు వాటంతటవే ముడుచుకునేవి.

నా గదిలో ఉండే కరీంనగర్ పిల్ల అప్పటికే ఫిజిక్సు పరిశోధనని అటకెక్కించి, రోజూ సాయంత్రం బస్సులో వేలాడుతూ అమీర్‌పేట వెళ్ళి కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని వచ్చేది. రాగానే చెప్పులు విడవకముందే నా మీద పడేది. “ఏందే, ఇంకెన్నేండ్లు ఆ బండల మీద పాకురు గీకుతవ్? దునియా మొత్తం ఉరుకుతుంటే నువ్వొక్కదానివి కొలుసుకుంట కూసున్నవ్. ఇగ లే, నాతోని రా.” ఆదివారం బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మది మరో పాట. అమ్మ గుంటూరు దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు. “పాస్టరుగారు వారం వారం నీ థీసిస్ కోసం ప్రార్థన చేయిస్తన్నారమ్మా. ఎప్పుడైపోద్దని అందరూ అడుగుతుంటే నేనేం చెప్పను?” అనేది. (సంఘంలో ఒక పెద్దావిడ అదేదో మొండిజబ్బు అనుకుని, “పిల్లకి ఇప్పుడు కాస్త నయమేనా” అని ఆరా తీసిందట. ఆవిడ అన్నది మరీ తప్పేమీ కాదు.) బండ మీద ఉంటే కంప్యూటర్ గుర్తొచ్చేది, కంప్యూటర్ సెంటర్ గుమ్మందాకా వెళితే బండ గుర్తొచ్చేది. ఉండాలా, పోవాలా అన్న ఒక్క ప్రశ్నతో కాలు కాలిన పిల్లిలా తిరిగాను ఆ ఏడాదంతా.

ఇక మా గైడుగారు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు చూద్దాం సార్. అధ్యాయం రాసి చేతిలో పెడితే “చూద్దాం తియ్యమ్మా”, సెమినార్‌కి పంపమంటే “చూద్దాం”, థీసిస్ ఎప్పుడు ఇవ్వవచ్చని అడిగితే కళ్ళజోడు తుడుచుకుంటూ ఇంకాస్త పొడుగ్గా “చూ..ద్దాం”. ఆయన గది బయట బెంచీ మీద కూర్చుని ఎదురుచూడటమే పరిశోధనలో సగభాగం. అలాంటి మనిషి ఒకరోజు తనే నన్ను పిలిపించి, “రీసెర్చ్ పిల్లలకు ఏదో ట్రైనింగ్ ఉన్నదట, కంప్యూటరు, మాట్లాడుడు, ఇంటర్వ్యూలు, అన్నీ నేర్పుతరట. నీ పేరిచ్చిన. సోమవారం నుంచి పో” అన్నారు. చూద్దాం అనకుండా ఆయన మాట్లాడటం అదే మొదటిసారి. నేనిక పనికిరానని తేల్చుకుని, మెల్లగా వదిలించుకుంటున్నారని అనుకున్నాను. ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. సరే, నాకు మాత్రం ఏం తక్కువ, ఆ ట్రైనింగేదో అయ్యాక వచ్చే ఉద్యోగం పట్టుకుని ఈయనకొక నమస్కారం పెట్టేస్తాను అని ఆ క్షణంలో ఒట్టు పెట్టుకున్నాను.

శిక్షణ హైటెక్ సిటీలో, నా బండలున్న గుట్టకి ఎదురుగా సగం కట్టిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మేడలో. కింది అంతస్తుల్లో ఏసీ, పై అంతస్తుల్లో సిమెంటు తట్టలు. యూనివర్సిటీ బస్సు దిగి మేం పాతికమందిమీ లోపలికి నడుస్తుంటే, నేల మీద మా ముఖాలు మాకే కనిపించేంత నున్నటి రాయి పరిచి ఉంది. నేను వంగి ఇది మా గుట్టల రాయే అయ్యుంటుందా అని చూస్తుంటే వెనకవాళ్ళు నన్ను గుద్దుకున్నారు. మాకు నేర్పడానికి వచ్చినావిడ బెంగళూరు నుంచి దిగిన చురుకైన తెలుగు మనిషి. ప్రతి వాక్యంలో ఒక్కసారైనా కాన్ఫిడెన్స్ అనేది కాబట్టి టీ విరామం కాకముందే కాన్ఫిడెన్స్ మేడమ్ అయిపోయింది.

పాపం ఆవిడ. ఇంతకు ముందు ఎంతమందికి నేర్పిందో గానీ, పరిశోధక విద్యార్థులు తగలడం అదే మొదలు. అయిదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు అని అడిగితే, మాలో ఫిలాసఫీ చేస్తున్న ఒక అన్నయ్య ఏ మాత్రం తడుముకోకుండా “హాస్టల్లోనే మేడమ్” అన్నాడు. అందరం అవునన్నట్టు తలలూపాం. మీ రోజుని ఎలా గడుపుతున్నారో బొమ్మ గీయండి అంటే, ఒకరిది ఒకరు చూడకుండానే అందరం సగానికి పైగా చోటు గైడు గది ముందు బెంచీకే కేటాయించాం. ఆవిడ ఆ కాగితాలన్నీ తిరగేసి, “ఇదేంటండీ, మీరంతా ఒకే డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారా?” అంది. మీ గురించి రెండు నిమిషాలు చెప్పండి అంటే, హిస్టరీ అక్క రెండు నిమిషాలూ వాళ్ళ గైడుగారి గురించే చెప్పి కూర్చుంది. నా వంతు వచ్చేసరికి, “నేను కష్టపడి పనిచేస్తానని చెప్పడానికి కొంతవరకు ఆధారాలున్నాయి, అయితే ఇంకా పరిశీలించాల్సి ఉంది” అన్నాను. నవ్వించాలని కాదు. నాలుగేళ్ళు థీసిస్ భాష రాసినవాళ్ళకి అంతకన్నా గట్టిగా చెప్పడం నోట రాదు. “కాదండీ, ‘నేను చేస్తాను’ అనండి. అంతే. ఫుల్‌స్టాప్” అని ఆవిడ నా చేత పదిమంది ముందు పదే పదే అనిపించింది. గదికి వెళ్ళి అద్దం ముందు కూడా అన్నాను. కరీంనగర్ పిల్ల దుప్పటిలోంచి తల తీసి, “నీకేమన్న అయ్యిందా ఏంది?” అని మళ్ళీ ముసుగు పెట్టుకుంది.

ఆఖరి రోజు కంపెనీ వాళ్ళే నిజం ఇంటర్వ్యూలు పెట్టారు. నచ్చినవాళ్ళకి అక్కడికక్కడే ఉద్యోగం. నేను కాన్ఫిడెన్స్ మేడమ్ దగ్గర అరువు తెచ్చుకున్న కోటు వేసుకుని లోపలికి వెళ్ళాను. బల్లకి అటువైపు మేనేజరుగారు, కాకినాడ ఆయన, మర్యాదస్తుడు. “కూర్చోండమ్మా. మీరు పూర్తిచేసిన పని ఒకటి చెప్పండి” అన్నారు. నేను పూర్తిచేసిన పని ఏదీ లేదు. మొదలుపెట్టినవి మాత్రం బోలెడు. నోరు తెరిచి ‘నేను’ అన్నానో లేదో, బయట నుంచి విజిల్ వినిపించింది. ఒకటి, రెండు, మూడు.

ఆ తర్వాత జరిగినదానికి నా బుర్రకి ఏ సంబంధమూ లేదు. నా శరీరమే చేసింది. కుర్చీ వెనక్కి తోసి బల్ల కిందికి దూరాను. దూరుతూ దూరుతూ, ఎదురుగా తల వంచకుండా కూర్చున్న మనిషిని అలా వదిలేయడం పాపమనిపించి, ఆయన టై పట్టుకుని కిందికి లాగాను. దబ్బున పేలింది. అద్దాలు గలగల్లాడాయి. బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు దొర్లి నీళ్ళు మా ఇద్దరి మెడల మీద పడ్డాయి. ఆ చీకట్లో మోకాళ్ళ మీద ఉన్న మేనేజరుగారు చాలా నెమ్మదిగా, “ఇది ఇంటర్వ్యూలో భాగమాండీ?” అని అడిగారు.

“ఆగండి, రెండోది ఇంకా పేలలేదు” అన్నాను నేను.

రెండోదీ పేలింది. అప్పుడు లేచాం. ఆయన టై సర్దుకున్నారు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను, క్షమాపణ చెప్పాలన్న స్పృహ కూడా లేకుండా. తాబేలు బండ ఉండాల్సిన చోట తెల్లటి దుమ్ము లేస్తోంది. దుమ్ము కాస్త తగ్గాక చూస్తే అక్కడ బండ లేదు. ఆయన వచ్చి పక్కన నిలబడి “ఏమైందండీ?” అన్నారు. చెప్పాను. ఆ వీపు మీద ఏ గడిలో ఏముండేదో, ఉత్తరం వైపుది ఎందుకు బాగా పెరిగేదో, వానలు రాని ఏడాది అది ఎలా ముడుచుకుని ఓర్చుకుందో. ఎక్కడా అనిపిస్తోంది అనలేదు, పరిశీలించాలి అనలేదు. నేర్పినావిడ తలుపు సందులోంచి వింటూ ఉందట. చెప్పడం అయ్యాక మేనేజరుగారు, “ఇంతమంది వచ్చారు గానీ, ప్రమాదం వస్తే పక్కవాణ్ణి కూడా లాక్కుని దాక్కునే మనిషి మీరొక్కరేనండీ. ఒకటో తారీఖు నుంచి వచ్చేయండి” అన్నారు.

కరీంనగర్ పిల్ల సంబరానికి హద్దు లేదు. “జర మిఠాయి గిట్ల తినిపియ్యి, ఫికర్ ఇడిసిపెట్టు ఇగ” అని గదంతా ఎగిరింది. నేను మిఠాయి పొట్లం దాని చేతిలో పెట్టేసి ముసుగు పెట్టుకున్నాను. తెల్లారగానే గైడుగారి దగ్గరికి వెళ్ళాను. బెంచీ మీద కూర్చోకుండా సూటిగా తలుపు తోసుకుని వెళ్ళి, “సార్, నాకు ఉద్యోగం వచ్చింది. నేను వెళ్తున్నాను” అన్నాను. ఫుల్‌స్టాప్.

ఆయన తలెత్తి చూసి, “మంచిదమ్మా. పో” అన్నారు. ఆగి, “అందుకనే పంపిన నిన్ను. ఆ గుట్ట కొట్టేస్తరని నాకు ముందుగాలనే తెలిసింది. ఎవరెవరి దగ్గరికో తిరిగిన, ఒక్క బండనన్న ఉంచమని. ఎవరూ ఇనలే. నాలుగేండ్లు నిన్ను ఈడ కూసోబెట్టిన, ఆఖరికి నీకు ఇయ్యడానికి నా దగ్గర రాయి గూడ లేదు” అన్నారు. అని కిటికీ వైపు తిరిగిపోయారు.

ఏడాదిగా నేను కోరుకున్న మాట అదే. పొమ్మన్నారు. పోవచ్చు. మరి కాళ్ళు ఎందుకు కదల్లేదో నాకు తెలియదు. ఆయన మీద దాచుకున్న కోపమంతా ఒక్కసారిగా ఎటుపోయిందో అదీ తెలియదు. నాకు ఆయన మీద అంత ప్రేమ ఉందని ఆ నిమిషం దాకా నేనెరగను. “బండ పోయింది గానీ కొలతలు నా దగ్గరే ఉన్నాయి కదా సార్. రాసేస్తాను” అన్నాను. ఆయన తిరక్కుండానే, “రాస్తవా?” అన్నారు. ఒకటో తారీఖు వచ్చి వెళ్ళిపోయింది. మేనేజరుగారు రెండుసార్లు కబురు పెట్టి ఊరుకున్నారు. నాకు తెలిసినవాళ్ళంతా నాకు పిచ్చి పట్టిందన్నారు, అమ్మతో సహా. రాత్రుళ్ళు పరుపు మీద దొర్లుతూ నేనూ అదే అనుకునేదాన్ని.

థీసిస్ ఇచ్చాక మౌఖిక పరీక్షకి ఒరిస్సా నుంచి ఒక ముసలాయన వచ్చారు. పరీక్ష అయ్యాక పద్ధతి ప్రకారం, నీ బండని చూడాలమ్మా అన్నారు. గైడుగారు, నేను ముఖాలు చూసుకున్నాం. ముగ్గురం ఆటో ఎక్కి వెళ్ళాం. అక్కడ కొత్త మేడ, గేటు, గేటు దగ్గర వాచ్‌మన్. “ఎవర్ని కలవాలె సార్?” అన్నాడతను. గైడుగారు ఏం చెప్పాలో తోచక, “ఇప్పుడు ఉండెటోళ్ళని కాదులే, అంతకుముందు ఉన్నదాన్ని” అన్నారు. ఎలాగో బతిమాలి సెల్లార్‌లోకి దిగాం. స్కూటర్ల వరసల మధ్య కొంచెం వెతుక్కుని, ఒక స్తంభం పక్కన ఆగి “ఇక్కడండీ” అన్నాను. ముసలాయన చెప్పులు విడిచి ఆ సిమెంటు నేల మీద నిలబడ్డారు. ఎండ ఎటునుంచి పడేదమ్మా అని అడిగారు. చేయి చాపి చూపించాను. ఆయన అటే తిరిగి, ట్యూబులైటు వెలుగులో, నిజంగా ఎండ పడుతున్నట్టే కళ్ళు చికిలించి చాలాసేపు చూశారు. మా గైడుగారు కూడా చూశారు.

ఆ తర్వాత నేనూ కంప్యూటర్లలోకే వచ్చాను, అందరిలాగే, కాస్త ఆలస్యంగా. జీతం, కారు, కొండాపూర్‌లో ఫ్లాటు, అన్నీ ఉన్నాయి. అయినా సెల్లార్లో స్కూటర్ల మధ్య నిలబడి, ఏమీ లేని చోటు చూపించి, ఇక్కడే ఉంది అన్నంత ధీమాగా మాట్లాడిన ఒకప్పుడు అరువు కోటు తొడుక్కున్న ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది. నవ్వాక కాసేపు దాని మీద అసూయగా కూడా ఉంటుంది.